మొలతాడు ముక్కలు

మామిడికాయలు అయిపోయి నెలన్నర దాటాక, ఒకరోజు పొద్దున మా మామ నోటినుంచి మాగిన పండు వాసన వచ్చింది. ఆయన మొహం కడుక్కుని వచ్చి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, "ఇంగొక చెంబు ఇయ్యి మే" అంటూ నా ముందుకు వంగాడు. అప్పుడు తగిలింది ఆ వాసన. నేను మామిడి తోటల్లో పుట్టి మామిడి తోటల్లోకే మెట్టినదాన్ని. గడ్డిలో వేసిన కాయ పండయ్యేటప్పుడు గదంతా కమ్ముకునే ఆ తీపి వాసన కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను.

ఇల్లంతా వెతికాను. కాయలు మాగబెట్టే గదిలో పాత గడ్డి మొత్తం కెలికాను. అటకెక్కాను. గాదెలో చెయ్యి పెట్టి తడిమాను. ఆయన పరుపు కుట్లు విప్పి చూశాను. మా అవ్వ బట్టల పెట్టె కూడా తెరిపించాను. పండు దొరికితే ఆయన కళ్ళముందే పేడదిబ్బలో వేసి తొక్కాలని అంత కసిగా వెతికాను. టెంక కూడా దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"యాడ దాచినావు?" అని అడిగాను.

"తినలేదు మే. నీ మీద ఒట్టు."

"నోరు వాసనేస్తా ఉంటే ఒట్లొకటా?"

ఆయన అరచేతిలోకి ఊది వాసన చూసుకున్నాడు. "నాకేం తెలీలేదే" అన్నాడు. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడంలో మా మామను మించినవాడు లేడని ఆ రోజు అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మామ అంటే నా మొగుడే. పేరు నారాయణ. మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. నాకు ఐదేళ్ళప్పుడు బంగారుపాళ్యం దాకా నన్ను భుజానేసుకుని పోయి, బొరుగులు కొనిపెట్టి, మళ్ళీ భుజానేసుకుని వచ్చినవాడు. పదహారో ఏట ఆయనకే నన్నిచ్చి చేశారు. మెడలో తాళి పడినా పిలుపు మారలేదు, నువ్వు అనడమూ మారలేదు. మా అమ్మను కన్న అవ్వ తిరుమలమ్మే నాకు అత్తయింది. నా చేతిలో పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి పోయారు. ఆ తర్వాత అవ్వా నేనూ పోటీపడి ఆయనకే పెట్టాం. పొద్దున నెయ్యి కారే పొంగలి, పొద్దెక్కాక చెనక్కాయల ఉండలు, మధ్యాహ్నం రెండు కూరలతో అన్నం, సాయంత్రం బెల్లం పాకంలో ఏదో ఒకటి. ఆయన వద్దనేవాడు కాదు. ఇష్టంగా తిని, వేళ్ళు నాకి, "మీ చేతిలో ఏముంది మే" అని మమ్మల్ని మురిపించేవాడు.

ఆయన ఒంటిని ఊళ్ళో ఎవరూ రోగమనుకోలేదు. యుద్ధం రోజులవి. బియ్యం కోసం జనం అంగళ్ళ ముందు వరసకట్టి నిలబడేవారు. అలాంటి కాలంలో మా అరుగుమీద అంత మనిషి కూర్చుని ఉంటే అది మా ఇంటి కలిమికి గుర్తు. "మారాజు ఒళ్ళు" అనేవాళ్ళు. ఆ మారాజు వంగి చెప్పులు తొడుక్కోలేడని, తోటలో ఒక్క చుట్టు తిరిగితే గట్టుమీద కూలబడతాడని, పక్కకు తిరిగి పడుకోవాలంటే నేను తోయాలని నాకు మాత్రమే తెలుసు.

నలభై రెండో సంవత్సరం, దసరాకు ముందొచ్చే పెరటాసి అనే అరవనెలలో, మూడో శనివారానికి తిరుపతి కొండకు పోయాం. అప్పటికింకా కొండమీదికి బండ్ల దారి లేదు. నడవలేనివాళ్ళు అలిపిరిలో డోలీ మాట్లాడుకోవలసిందే. కర్రకు తాళ్ళతో పీట కట్టి మనిషిని కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోతారు. ఏకాంబరం అని, డోలీ మోసేవాళ్ళలో పెద్దమనిషి, నల్లగా, సన్నగా, భుజాలమీద కాయలు కాచి ఉన్నాడు. మా మామను పైనుంచి కిందికి ఒకసారి చూసి, మెట్టుమీద నిలబడి గట్టిగా కేకేశాడు.

"ఈ అయ్యకు నలుగురు సాలరప్పా! ఆరుగురు కావల్ల! ఇంగిద్దురు రాండి!"

అక్కడున్న యాత్రికులందరూ తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. ఒకామె తన పక్కనున్నామెతో, "పెండ్లాము సత్రానికి వండినట్టు వండతాదేమో" అంది. మామ కూడా నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. దారి పొడుగునా తలవంచుకునే ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర మోసేవాళ్ళలో ఒక మనిషి కాలు జారి, కర్ర భుజంమీద దిగబడి, చర్మం లేచి రక్తం వచ్చింది. ఆ మనిషి తుండుగుడ్డ మడిచి దానిమీద వేసుకుని మళ్ళీ కర్ర ఎత్తుకున్నాడు. నా సిగ్గు అప్పుడు మొండితనంగా మారింది. స్వామి ముందు చేతులు జోడించి మొక్కుకున్నాను. వచ్చే పెరటాసికి ఈ మనిషి తన కాళ్ళమీద నీ మెట్లన్నీ ఎక్కాలి. ఎక్కించే పూచీ నాది.

దిగిన మర్నాడు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉండే బాలసుబ్రమణ్యం అనే డాక్టరుకు చూపించాను. ఆయన మామను పడుకోబెట్టి, గుండె విని, ఒంటేలు పట్టించి గాజుగొట్టంలో కాచి చూశాడు. "ఇప్పటికి ఏ రోగమూ లేదు. ఒళ్ళే రోగం" అన్నాడు. అన్నం సగం చెయ్యమన్నాడు. నెయ్యి, బెల్లం మాన్పించమన్నాడు. పొద్దునా సాయంత్రం ఒక మైలు నడిపించమన్నాడు. "మెల్లింగా తగ్గల్ల, తొందర పడొద్దు. రెండు నెలలకొకసారి ఎవురికైనా సూపించి, ఒంటేలు పరీక్ష చేయించండి. తిరపతి దూరమైతే చిత్తూరులోనైనా సరే" అన్నాడు. తగ్గాలి అన్నమాట నా చెవిలో పడింది. మిగతాదంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఇంటికి రాగానే వంటింటికి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకు కట్టుకున్నాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా బిడ్డ నోరు కడతావంటే నువ్వు ఆడదానివేనా?" అంది. నేను లెక్కచెయ్యలేదు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం చిన్న సంగటిముద్ద, ఆకుకూర, రాత్రికి మజ్జిగ. బంగారుపాళ్యం దారిలో ఆయన ముందు, నేను వెనక. దారిలో కనిపించినవాళ్ళు, "ఏందమ్మా, ఆవును తోలుకపోతా ఉండావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. మామ పడీపడీ నవ్వేవాడు.

ఒళ్ళు తూచడానికి మా ఊళ్ళో ఏముంది? మొలతాడే నాకు త్రాసు. నెలకొకసారి ఆయన మొలతాడు విప్పి బిగించి కట్టేదాన్ని. మిగిలిన కొస కత్తిరించి కుంకుమ భరిణెలో దాచేదాన్ని. మొదటి నెలలో గోరంత ముక్క వచ్చింది. సంక్రాంతి తర్వాత గోరున్నర. ఒకరోజు నడిచొచ్చి అరుగుమీద కూర్చున్నవాడు, చంటిపిల్లాడిలా నన్ను కేకేశాడు.

"మే దేవకా! రా, రా! నా కాళ్ళు నాకు అవుపిస్తా ఉండాయి!"

వంగి తన చెప్పులు తనే తొడుక్కుని చూపించాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మా ఇద్దరి కాపురంలో అంతకన్నా సంతోషంగా ఉన్న రోజు నాకు గుర్తులేదు.

ఎండలు ముదిరే వేళకు ముక్కలు పెద్దవయ్యాయి. వేలంత, తర్వాత రెండు వేళ్ళంత. నెలదాకా ఆగనక్కర్లేకపోయింది. పదిరోజులకే మొలతాడు జారిపోయేది. బనియన్లు వేలాడాయి. చెంపలు లోపలికి పోయాయి. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి, "ఏం పెడతా ఉండావు దేవకమ్మా, మా ఆయనకూ సెప్పు" అని అడిగేవారు. నేను భరిణె తెరిచి ముక్కలు వరసగా పరిచి చూపించేదాన్ని. మిడిసిపడ్డాను. కాదనను. ఇంత బాగా తగ్గుతున్నవాణ్ణి డాక్టరుకు చూపించడం దేనికి, బండి కట్టించుకుని చిత్తూరు పోయి అక్కడి డాక్టరు చేత భేష్ అనిపించుకోవడానికా అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయనకు ఆకలి పట్టింది. మామూలు ఆకలి కాదు. సంగటి తిన్న గడియకే వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. "రొంత పెట్టు మే. కడుపులో నిప్పులు పోసినట్టుండాది" అని బతిమాలేవాడు. నీళ్ళకుండ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. పదే పదే పెరట్లోకి పోయి వచ్చేవాడు. నీళ్ళతో కడుపు నింపుకుంటున్నాడని నేను సరిపెట్టుకున్నాను. ఇన్నేళ్ళ తిండిమరుగు అంత సులువుగా పోతుందా, ఇప్పుడు లొంగితే పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టేనని గట్టిగా నిలబడ్డాను. ఆయన అడిగిన కొద్దీ నేను బిగుసుకున్నాను. ఒకసారి తలుపుకు నుదురు ఆనించి నిలబడి చాలాసేపు కదల్లేదు. లోపలినుంచి నేను చూస్తూనే ఉన్నాను, తియ్యలేదు.

అవ్వ మాత్రం చూసింది. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"సూడు, వాడు పోసిన కాడంతా సీమలు. బారులు కట్టినాయి. నా బిడ్డకు ఏమో అయిందే."

"నువ్వే బెల్లం తినిపించింటావు" అన్నాను.

ఆ మాటకు అవ్వ తల దించుకుంది. నిజంగానే పెట్టింది. నేను తోటకు పోయినప్పుడల్లా పక్కింట్లో వండించి తెచ్చి బెల్లం కుడుములు పెట్టింది. ఆ రోజు నేను ఆ ముసలిదాన్ని అనరాని మాటలన్నాను. అంత తిన్నవాడు ఎలా తగ్గుతున్నాడని ఒక్కసారైనా అనుమానం రాలేదు నాకు. తిన్నా తగ్గుతున్నాడంటే అదంతా నేను నడిపించిన నడక మహిమేనని మురిసిపోయాను.

ఆ తర్వాతే ఆ మాగిన పండు వాసన. దొంగతిండికి శిక్షగా మూడు రోజులు ఉట్టి జావ పోశాను. ఆయన మారు మాట్లాడకుండా తాగాడు. అవ్వను చూసి మాత్రం, "అమ్మా, నువ్వేమీ పెట్టొద్దులే. అది నాకోసరమే సేస్తా ఉండాది" అన్నాడు. ఆ వాసన మాత్రం పోలేదు. రోజురోజుకూ పెరిగింది.

నలభై మూడు పెరటాసి వచ్చింది. చిత్తూరులో రైలెక్కి పాకాల మీదుగా తిరుపతి చేరాం. మూటలు మొయ్యడానికి మా తోట మేస్త్రీ చెంగల్రాయుణ్ణి వెంటబెట్టుకున్నాం. రైల్లో మామ కూజా పట్టుకునే కూర్చున్నాడు. కడుపులో నొప్పి అన్నాడు. ఒకసారి కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. బండి కుదుపు అనుకున్నాను. కుంకుమ భరిణె నా ఒళ్ళో ఉంది. ఆ ముక్కలన్నీ స్వామి హుండీలో వెయ్యాలని తెచ్చాను.

శనివారం తెల్లవారుతూనే అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి నడక మొదలుపెట్టాం. డోలీలవాళ్ళను చూసి తలెత్తుకుని దాటిపోయాను. నూరు మెట్లు ఎక్కకముందే మామ నీళ్ళడిగాడు. మళ్ళీ యాభై మెట్లకు అడిగాడు. ఆయన ఊపిరి వేరేగా ఉంది. ఆయాసపడినట్టు కాదు. లోతుగా, గట్టిగా, కూర్చున్నా తగ్గకుండా అదే తీరుగా లాగుతున్నాడు. ప్రతి మండపం దగ్గరా కూలబడ్డాడు. ఎలాగో గాలిగోపురం దాకా తెచ్చాను. అక్కడ చప్టామీద పడిపోయినట్టు పడుకున్నాడు.

"నావల్ల కాదు మే."

"సగం దూరం కూడా రాలేదు. లెయ్."

"కండ్లు కనపడలా. రొంతసేపు వదులు."

నాకు పోయిన ఏడాది నవ్విన ఆడవాళ్ళ మొహాలు కళ్ళముందు మెదిలాయి. "సంవత్సరమంతా నేను పడిన పాటు ఇందుకేనా? మళ్ళీ నన్ను నవ్వులపాలు చెయ్యాలనేనా?" అని అరిచాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన నన్నొకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నెమ్మదిగా బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, పిల్లలు పాకినట్టు మెట్లమీద పాకడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, పది. ముప్ఫై మెట్ల దాకా అలా ఎక్కాడు. చూస్తూ నిలబడ్డాను నేను. ఆ తర్వాత మోచేతులు మడతపడి, మొహం మెట్టుకు కొట్టుకుంది.

చెంగల్రాయుడు అరిచిన అరుపుకు, పైనుంచి ఖాళీ డోలీతో దిగుతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముందున్నది ఏకాంబరమే. మనిషిని గుర్తుపట్టలేదు. నన్ను చూసి గుర్తుపట్టాడు.

"పోయినేడు ఆరుగురం మోసినాం, ఆ అయ్యేనా ఇది?" అన్నాడు.

"ఆయనే. కొండపైకి తీసకపోండి" అన్నాను.

నలుగురు ఎత్తారు. ఇరవై మెట్లు ఎక్కగానే ఏకాంబరం డోలీ దించమన్నాడు. వెనక్కి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"తల్లీ, కోప్పడొద్దు. ఇరవై ఏండ్లుగా మనుషుల్ని మోస్తా ఉండాను. ఒళ్ళు తగ్గిన మనిషి తాడు పట్టుకోని కుదురుగా కూసుంటాడు. ఈ అయ్యలో పట్టు లేదు. మెట్టు మెట్టుకూ జారిపోతా ఉండాడు. ఇది తగ్గింది కాదు, లోపల్నించి కరిగిపోతా ఉండాది."

"నీకేం తెలుసు?" అన్నాను.

"అయ్య నోట్లో మాగిన పండు వాసనొస్తా ఉండాది. నువ్వు సూళ్ళేదా?"

నేను డోలీ దగ్గరికి పోయి మామ మొహంమీదికి వంగాను.

"నెల్లూరాయన్ను ఒకణ్ణి మోసినా. ఇదే వాసన, ఇదే ఊపిరి. పైకి పోదామనే పట్టుపట్టిరి. పైన దించేతలికి మాట పడిపోయింది. తెల్లారి ఆయన్ను కిందికి మోసింది కూడా మేమే. నా మాటిను. దిగుదాం."

కొండ మెట్లెక్కినవాళ్ళు స్వామిని చూడకుండా మధ్యలో వెనక్కి తిరగరు. మా ఇంట్లో అలా ఎవరూ తిరగలేదు. పైకి చూశాను. కిందికి చూశాను. గడ్డంతా కెలికినా దొరకని ఆ పండు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. అది ఆయన ఒంట్లోనే ఉంది. మూడు రోజులు ఉట్టి జావ పోశానే నేను!

"దించు, దించు! దిగుదాం పా!" అని అరిచాను. నా మొక్కు ఏ గంగలో కలిసినా సరే, ఆ మనిషి బతికితే చాలు అనిపించింది. ఆ నలుగురూ మెట్లమీద పరిగెత్తారు. నేను డోలీ తాడు పట్టుకుని వెనకే పరిగెత్తాను. "మామా, కండ్లు తెరు. అన్నం పెడతా. నీకు ఏం కావాల్నో అంతా పెడతా" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా పలకలేదు.

బాలసుబ్రమణ్యం డాక్టరు మామ నోటి దగ్గర మొహం పెట్టగానే ఆయన మొహం మారిపోయింది. ఒంటేలు కాచి చూశాడు. గాజుగొట్టంలో నీలం రంగు ఇటుకరాయి రంగుకు తిరిగింది. "చక్కెర జబ్బు. బాగా ముదిరింది" అన్నాడు. "ఎన్నాళ్ళుగా ఇట్లా తగ్గతా ఉండాడు?"

నేను కుంకుమ భరిణె తెరిచి ముక్కలు ఆయన బల్లమీద పోశాను. ఏది ఎప్పటిదో నాకు కంఠతా వచ్చు. వరసగా పేర్చి చెప్పాను. ఆయన మొదటి ఐదు చిన్న ముక్కలను వేలితో ఒక పక్కకు జరిపాడు.

"ఇంతవరకూ మీరు తగ్గించింది. బాగా చేసినారు." తర్వాత పెద్ద ముక్కలమీద చెయ్యి పెట్టాడు. "ఈడనుంచి రోగం తినింది. తిన్న కూడు ఒంటికి పట్టక నీళ్ళల్లో పోయింది. ఈడ ఎవురికైనా సూపించింటే సాలు. రెండు నెలలకొకసారి పరీక్ష చేయించమంటినే, ఎవురికి సూపించినారమ్మా?"

నేను ముక్కలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ భరిణెలో వేసుకున్నాను.

ఆ జబ్బుకు ఇన్సులిన్ అని సూదిమందు ఉందట. సముద్రంమీద రావాలట. యుద్ధం వచ్చాక ఓడలు సరిగా రావడం లేదట. ఆయన దగ్గర ఒక సీసా అడుగున కొంచెం మిగిలి ఉంది. అదే మామకు ఎక్కించాడు. మద్రాసులో తనకు తెలిసిన మందులషాపులకు చీటీలు రాసిచ్చాడు. చెంగల్రాయుడు వాటిని తీసుకుని రేణిగుంటకు పరిగెత్తాడు, మద్రాసు రైలు పట్టుకోవడానికి.

మర్నాడు మామ కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పంచె మార్చాలని మూట విప్పాను. బట్టల మధ్య ఆకులో చుట్టిన పొట్లం ఉంది. లోపల నువ్వుండలు. అవ్వ నాకు తెలియకుండా పెట్టి పంపింది. చీమలు పట్టాయి. ఒక్క ఉండ కూడా తగ్గలేదు. మూడు రోజులుగా ఆ పొట్లం ఆయన మూటలోనే ఉంది. కడుపులో నిప్పులు పోసినట్టు ఆకలితో ఉన్న మనిషి, నేను పక్కన లేని వేళ కూడా, ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు. ఈయన్నేనా దొంగ అనుకుని ఇల్లంతా వెతికాను అని ఆ పొట్లం మొహానికి అదుముకుని ఏడ్చాను.

సీసా అయిపోయింది. మూడోరోజు పొద్దుటికి ఊపిరి మళ్ళీ లోతుకు దిగింది. మద్రాసు బండి వచ్చిపోయింది, చెంగల్రాయుడు రాలేదు. తర్వాతి బండి సాయంత్రానికి గాని లేదు. డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు నిలబడి, వరండాలోకి వచ్చాడు.

"ఏం పెట్టల్ల సార్? జావ కాయనా?" అని అడిగాను.

"ఆయన ఏమడిగితే అది పెట్టమ్మా" అన్నాడు. "ఇంక ఏదీ వద్దని నేను సెప్పను."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. తెలిసినా, పొయ్యి వెలిగించాలని కాళ్ళు పరిగెత్తాయి. డాక్టరు ఇంటివాళ్ళు పెరట్లో పొయ్యి ఇచ్చారు, తెల్లబియ్యం ఇచ్చారు. కందిపప్పు ఉడకేశాను. నెయ్యి కరిగించాను. ఆయనకు ఇష్టమని పప్పులో వెల్లుల్లి దంచి వేశాను. సంవత్సరం తర్వాత ఆయన కోసం నెయ్యి వాసన వచ్చే అన్నం కలిపాను. గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని, తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఎంత తేలికగా వచ్చిందో ఆ తల!

"మామా, బువ్వ. నెయ్యి ఏసినా. నోరు తెరు."

కళ్ళు తెరిచాడు. ముద్దను చూశాడు. నన్ను చూశాడు. పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి.

"వద్దు మే" అన్నాడు. "మళ్ళీ ఒళ్ళొస్తాది. నిన్ను నవ్వుతారు."

"నవ్వనీ మామా. ఒళ్ళు రానీ. ఆరుగురు కాదు, పదిమంది మోసినా సరే. ఒక్క ముద్ద తిను. నన్ను సంపొద్దు మామా."

ఆయన చెయ్యి నెమ్మదిగా లేచి నా నడుము దగ్గరికి వచ్చింది. అక్కడ వంటింటి తాళంచెవి వేలాడుతోంది. ఊరినుంచి వచ్చేటప్పుడు అవ్వ వండి తింటుందో లేదో అని కూడా చూడకుండా, తాళం వేసి నడుముకు కట్టుకుని వచ్చేశాను. దాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు.

"తాళం ఏసేసెయ్ మే" అన్నాడు. "ఇంక నాకు ఆకలి లేదు."

"ఒక్క ముద్ద మామా" అన్నాను. "సగం ముద్ద. ఇదిగో, ఇంత. గోరంత." చిన్నపిల్లలకు పెట్టినట్టు కొంచెం కొంచెంగా విడదీసి ఆయన పెదాలకు తాకించాను. బంగారుపాళ్యం బొరుగులు గుర్తుచేశాను. భుజంమీద కూర్చోబెట్టుకున్న రోజులు గుర్తుచేశాను. నెయ్యి ఆయన గడ్డంమీదుగా కారింది. నేను తుడిచి మళ్ళీ తాకించాను. తాళంచెవి పట్టుకున్న వేళ్ళు ఎప్పుడు వదులయ్యాయో నేను చూడలేదు. తినమని ఇంకా బతిమాలుతూనే ఉన్నాను. చివరికి డాక్టరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.